ఏం చేస్తూ నిర్ణయించుకుంది?

దమ్మపేట దాటాక, పొలాలు అయిపోయి టేకుచెట్లు మొదలయ్యే చోట, రోడ్డు పక్కన ఒక కంటి దవాఖానా ఉండేది. పదహారు మంచాలు, ఒక జీపు, ఒక బోరింగు, ఒక టైపిస్టు. ఆ టైపిస్టు నేనే. నా వేళ్ళు మిషను మీద పడ్డాయంటే చుట్టుపక్కల మూడు మైళ్ళ అడవిలో పిట్టలు లేచిపోయేవి. నిమిషానికి ఎన్ని మాటలు కొట్టేవాణ్ణో చెప్పినా మీరు నమ్మరు కనుక చెప్పను.

దవాఖానా నడిపేది స్పెయిన్ దేశపు సన్యాసిని. అందరికీ డాక్టరమ్మ. మనిషి ఎంత పొడవంటే, ఆపరేషన్ గది గుమ్మానికి ఆమె నుదురు తగిలీ తగిలీ అక్కడ సున్నం ఊడిపోయింది. తెలుగును రోగుల దగ్గరే నేర్చుకున్నది కనుక, “ఏంది అవ్వా, మంచిగున్నవా?” అని మొదలుపెడితే వినేవాళ్ళకు తెల్లదొరసాని మాట్లాడుతున్నట్టు ఉండేది కాదు, పాల్వంచ సంతలో మేనత్త ఎదురైనట్టు ఉండేది.

దవాఖానాను పోషించేది ఆమె ఊరివాళ్ళు. వాళ్ళకు నెలకో ఉత్తరం, వాళ్ళ స్పానిషులోనే, వెళ్ళాలి. ఎన్ని ఆపరేషన్లయ్యాయి, ఎన్ని కళ్ళజోళ్ళు పంచారు అన్నది వాళ్ళకు అక్కర్లేదు. కత్తి పేరు చెబితేనే కొండెక్కి కూర్చునే మనుషులు, దారీ తెన్నూ లేని పల్లెల నుంచి ఇక్కడిదాకా రావాలని ఎలా నిర్ణయించుకున్నారు? అదొక్కటే కావాలి. ఒక ఉత్తరానికి ఒక మనిషి, ఒక నిర్ణయం.

డాక్టరమ్మకు ఈ విషయంలో ఒక సిద్ధాంతం ఉండేది. “ఉత్త చేతులతోటి ఎవ్వరు ఏదీ అనుకోరు. చేతులు ఏదో పని చేస్తుంటయి. అప్పుడే మనసుల మాట తేలుతది. ఏం చేస్తూ అనుకుండ్రో అది రాయాలె. మా భాషల దానికి ఒక తోక ఉంటది.”

ఆ తోకను మాకు నేర్పడం ఎందుకు అవసరపడిందంటే, ఎనభైల మొదట్లో ఆమెను తిరిగి స్వదేశం రమ్మని పైనుంచి కబురొచ్చింది. రెండేళ్ళ గడువు. ఆ లోపల ఉత్తరాల పని ఇక్కడివాళ్ళలో ఒకరికి అప్పజెప్పాలి. నన్ను పిలిచింది. బి.ఏ. చదివినవాణ్ణి, ఇంగ్లీషు టైపు హయ్యర్ పాసైనవాణ్ణి, నన్ను గాక ఎవరిని పిలుస్తుంది? నాతోపాటు కాంపౌండర్ని కూడా పిలిచింది. అక్కడే నా ప్రాణం చివుక్కుమంది.

కాంపౌండరు పక్క గూడెం మనిషి. నా ఈడువాడే. చదువు పదో తరగతి. చెవి మీద ఎప్పుడూ ఆర్పిన బీడీ ముక్క. కానీ తెలుగు వచ్చు, అడవి పల్లెల భాష వచ్చు, కొత్తగూడెం బొగ్గుబావి వాళ్ళతో ఉర్దూ మాట్లాడేవాడు, మందుసీసాల మీది ఇంగ్లీషు చదివేవాడు. ఆయన బుర్రలో భాషలు సత్రంలో బాటసారుల్లా వచ్చి దుప్పటి పరుచుకుని పడుకునేవి. నా బుర్రలోకి మాత్రం వాకిట్లోనే ఆపి, ఊరు పేరు అడిగి, అనుమతి పత్రం చూసి రానిచ్చేవాణ్ణి.

మొదటి పాఠం కట్లు కట్టే గదిలో, మధ్యాహ్నం భోజనాలయ్యాక. డాక్టరమ్మ నల్లబల్ల మీద ఒక వాక్యం రాసింది. ‘వచ్చింది’ అన్న మాట అయిపోయిన కాలంలో ఉంది. దాని వెనక ‘కమినాందో’ అని ఇంకో మాట.

“ఆమె వచ్చింది. ఎట్ల వచ్చింది? చెప్పుండ్రి.”

నాకు అర్థమైపోయింది. జవాబు నా నాలుక చివరికొచ్చింది. చివర కూడా దాటి, పెదవి మీద నిలబడి చెప్పులు తొడుక్కుంటోంది. అంతలో పక్కనుంచి కాంపౌండరు అనేశాడు:

“గిదేందమ్మా, మనం ‘నడుస్తూ వచ్చింది’ అంటం గద, ఆ ‘తూ’నే గద ఇది? నడుస్తూ వచ్చింది, ఏడుస్తూ జెప్పింది.”

“అవ్! అవ్!” అని డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. సుద్దపొడి లేచి నా కళ్ళల్లో పడింది. అది సుద్దే. కన్నీళ్ళు కావు. ఆనాటి నుంచి ఈనాటి దాకా అదే చెబుతున్నాను.

ఆ రోజు ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుంటే పప్పులో కాంపౌండరు మొహం. మజ్జిగలో కాంపౌండరు మొహం. చెంబు వంచితే నీళ్ళతోపాటు ఆయన ‘తూ’ కూడా జారిపడింది. మా ఆవిడది సత్తుపల్లి వైపు. మాట మెత్తన, పోటు గట్టిది.

“ఆయనకి నాలుగు మాటలు వస్తే మీకు అన్నం సయించదేందండీ?”

“నాలుగు కాదే, నలభై!”

“అయితే మీరు నలభై ఒకటి నేర్చుకోండి. ముందు ఆ ముద్ద మింగండి.”

నేర్చుకున్నాను. క్రియలన్నీ ఫైలు కాగితాల వెనక టైపు కొట్టి, ఇంటి గోడలన్నిటికీ అంటించాను. స్నానాల గది తడిక మీద క్రియలు, బియ్యం డబ్బా మీద క్రియలు. పక్కింటావిడ చింతపండు అరువు అడగడానికొచ్చి, మా ఇంట్లో ఏదో గ్రహశాంతి జరుగుతోందనుకుని గుమ్మం దగ్గరే దండం పెట్టి వెళ్ళిపోయింది. ఇంత చేసినా పాఠంలో నేను ‘ఆలోచిస్తూ’ అన్న మాట వెతుక్కునే లోపు ఆయన ఆలోచించకుండా అనేసేవాడు.

ఇంకొక మంట కూడా ఉంది, అది టైపు మిషను గురించి. డాక్టరమ్మకు తన దేశం నుంచి తెచ్చుకున్న సొంత మిషను ఒకటి ఉండేది. చిలకపచ్చ రంగు. దాని మీటల్లో ఒక ‘ఎన్’ అక్షరానికి, వాళ్ళ భాషలో ఉండేదే, నెత్తిన వంకరగీత టోపీ. మొత్తం ఖమ్మం జిల్లాలో, ఆ మాటకొస్తే వింధ్య పర్వతాలకు ఇవతల, టోపీ పెట్టుకున్న ‘ఎన్’ అదొక్కటే అని నా గట్టి నమ్మకం. ఉత్తరాల పని ఎవరికొస్తే ఆ మిషను వాళ్ళది, కిటికీ పక్క బల్ల వాళ్ళది. కాంపౌండరు రెండు వేళ్ళతో, కోడి గింజలేరుకున్నట్టు టైపు కొట్టేవాడు. ఆ వేళ్ళు ఆ టోపీని తాకడం నేను బతికుండగా చూడగలనా?

రెండో ఏడు వానలు మొదలైన రోజుల్లో డాక్టరమ్మ మమ్మల్ని పిలిచి పరీక్ష పెట్టింది.

“ఇద్దరు ఒకే మనిషి గురించి రాయుండ్రి. నేను దిద్దను. రెండు ఉత్తరాలు పంపుదాం. అక్కడోళ్ళకు ఏది మనసుకు పడితే, రాసినోళ్ళకే పని.”

ఆ మనిషి, ఆరో నంబరు మంచం మీది అవ్వ. అడవి లోపలి పల్లె. రెండు కళ్ళకూ పొరలు తీశారు. మరో రెండు రోజుల్లో ఇంటికెళ్ళాలి. నేను కాగితం, పెన్సిలు పట్టుకుని ఆమె మంచం దగ్గర ఖచ్చితంగా పావుగంట నిలబడ్డాను.

“అవ్వా, దవాఖానాకు రావాలని ఎట్ల అనుకున్నవ్?”

“అనుకున్న, వచ్చిన.”

“ఏడ్చుకుంట అనుకున్నవా?”

“ఏడిస్తే కండ్లు ఇంక పాడైతయి గద బిడ్డా.”

“పోనీ తొవ్వల ఎలుగుబంటి గిట్ల ఎదురొచ్చిందా?”

“ఎలుగా? అది ఇప్పపూల కాలంల వస్తది. ఇప్పుడెందుకొస్తది, దానికి పనిలేదా?”

ఇలాంటి మనిషితో ఏం ఉత్తరం రాస్తాం? నేను తిరిగొస్తుంటే కాంపౌండరు అప్పుడే డ్యూటీ దిగి, ఆమె మంచం పక్కన నేల మీద చతికిలబడ్డాడు. ఇద్దరూ వాళ్ళ భాషలో ఏదో మాట్లాడుకుంటున్నారు. అవ్వ గాలిలో వేళ్ళు ఆడించి ఏదో కట్టి చూపిస్తోంది. ఆయన నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసి నా కడుపులో పెట్టిన పొయ్యి మీద పెళ్ళివంట వండొచ్చు.

వెళ్ళి నా కుర్చీలో కూర్చున్నాను. పాపం అవ్వకు జీవితంలో ఏమీ జరగకపోతే అది నా తప్పా? జరిగించాను. గోదావరి వరదలో ఉంది. ఆకాశాన్నీ నీళ్ళనీ విడదీసే గీత లేదు. డెబ్బై ఏళ్ళ గుడ్డి అవ్వ గట్టున నిలబడి, దవాఖానా ఎటుందో గాలి వాసన బట్టి కనిపెట్టి, దూకింది. వెనక ఎలుగుబంటి కూడా దూకింది. నట్టనడుమ సుడిగుండంలో, ఒక చేత్తో ఈదుతూ, ఒక చేత్తో ఎలుగును నెడుతూ, అవ్వ ఆపరేషన్ చేయించుకోవాలని నిర్ణయించుకుంది. ‘లో దెసిదియో నదాందో’ అని రాశాను. ఈదుతూ నిర్ణయించుకుంది. గడిచిన కాలంలో నిర్ణయం, దాని వెనక డాక్టరమ్మ చెప్పిన తోక. వ్యాకరణానికి వంక పెట్టండి చూద్దాం.

కాంపౌండరు మర్నాడు తన ఉత్తరం తెచ్చిచ్చాడు. చేతిరాత, ఒక్క కాగితం. “రెండూ పంపు సారూ” అని వెళ్ళిపోయాడు. తపాలా అంతా నా చేతి మీదుగానే పోతుంది. చదవకూడదనుకుంటూనే చదివాను. చదివాక ఆ కాగితం మడిచి, నా సొరుగులో, కార్బన్ కాగితాల పెట్టె కింద పెట్టాను. నా ఉత్తరానికి మాత్రం స్టాంపులు అతికించి, బస్సు మీద వెళ్ళే సంచిలో వేశాను. దాని గురించి ఇక్కడ ఏమీ పెంచి చెప్పడం లేదు. అదొక్కటీ ఎంత చేశానో అంతే.

వానలు వెనకబట్టాక జవాబొచ్చింది. డాక్టరమ్మ నిలబడి చదువుతూ చదువుతూ కూర్చుంది. అక్కడి వాళ్ళు ఆ ఉత్తరాన్ని సభలో చదివి వినిపించారట. ముసలి ఈత మాస్టారు ఒకాయన కళ్ళనీళ్ళు పెట్టుకుని, భార్యను తీసుకుని, అవ్వను చూడ్డానికి బయల్దేరుతున్నాడట.

“ఈతా?” అంది డాక్టరమ్మ నా వైపు చూసి. “అవ్వకు ఈత వస్తదా?”

“అడవిల పుట్టినోళ్ళకు రాని విద్య ఉంటదామ్మా?” అన్నాను.

బయటికొచ్చాక కాంపౌండరు అడిగాడు. “సారూ, ఇద్దరియీ పోయినయా?”

“రెండూ ఒకే సంచిలో పోయినయి. నీది వాళ్ళకు ఆనలేదేమో.”

“అట్లనా” అని బీడీ ముక్క చెవి మీద సర్దుకున్నాడు. “అయితే పని నీకే గద సారూ. మంచిదే. నీకు టైపు గూడ వచ్చు” అన్నాడు. ఆ ‘మంచిదే’లో కుళ్ళు ఎక్కడైనా దొరుకుతుందేమోనని దాన్ని నెల రోజులు తిరగేసి మరగేసి చూశాను. దొరకలేదు. ఒక మనిషికి అసూయ లేకపోవడం కూడా ఒక గొప్పేనని, అది కూడా నాకు లేకుండా ఆయనకే దక్కిందని కొత్తగా కుళ్ళుకున్నాను.

చలి మొదలయ్యాక ఆ దంపతులు దిగారు. ఈత మాస్టారు చేతిలో ఒక మ్యాపు, జేబులో ఎర్ర రిబ్బను కట్టిన పతకం. అందరం జీపెక్కి అవ్వ పల్లెకు బయల్దేరాం. దారి పొడుగునా ఆయన మ్యాపు చూడ్డం, కిటికీలోంచి చూడ్డం, “నది ఎక్కడ?” అని అడగడం.

ఇక్కడ ఒక భౌగోళిక సత్యం ఒప్పుకోవాలి. అవ్వ పల్లెకూ మా దవాఖానాకూ మధ్య గోదావరి లేదు. గోదావరి భద్రాచలం దగ్గరుంది, అవ్వ ఇటువైపే ఉంది. పుట్టి బుద్ధెరిగి ఈ జిల్లాలో ఉన్నవాణ్ణి, ఉత్తరం రాసే ఊపులో నదిని ముప్పై మైళ్ళు ఇటు జరిపాను. దారిలో ఉన్నదల్లా ఒక వాగు. జీపు దాన్ని దాటుతుంటే చక్రాలు సగం కూడా తడవలేదు. మధ్యలో మేకలు నిలబడి మమ్మల్ని జాలిగా చూశాయి.

“ఇదేనా నది?” అన్నాడు మాస్టారు. నాకు హఠాత్తుగా స్పానిషు రావడం మానేసింది.

అవ్వ వాకిట్లో కూర్చుని కందులు చెరుగుతోంది. సీసా అడుగులంత మందం అద్దాలు పెట్టుకుని మమ్మల్ని ఒక్కొక్కరినీ ఎగాదిగా చూసింది. మాస్టారు ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఒక ప్రశ్న వేశాడు. దాన్ని తెలుగు చెయ్యాల్సింది నేను, జీపు చక్రాలకేసి చూస్తూ నిలబడ్డాను. కాంపౌండరు తెలుగులో చెప్పాడు:

“అవ్వా, వరదల ఈదేటప్పుడు నీకు మనసుల ఏమనిపించిందని అడుగుతుండు.”

“ఈతా?” అవ్వ చేట పక్కన పెట్టింది. “నాకు వాగు జూస్తెనే దడ. నేను మా ఊరి మలుపు కాడ బస్సెక్కి వచ్చిన. కండక్టరు టికెట్ గూడ కొట్టిండు. ఎవరు జెప్పిండ్రు ఈదిన్నని?”

డాక్టరమ్మ నా వైపు చూసింది. కాంపౌండరూ చూశాడు. అప్పుడే ఆయనకు అర్థమైంది. ఈ దంపతులకు తన ఉత్తరం సంగతే తెలియదని, అది అసలు బయల్దేరనే లేదని. ఆ చూపు ఎంతసేపు ఉందంటే, నాకు వెంట్రుకలు అప్పుడే నెరవడం మొదలైందని మా ఆవిడ ఈనాటికీ అంటుంది. తరవాత ఆయన మాస్టారు వైపు తిరిగి, ముక్కలు ముక్కలుగా, తప్పులతో, కానీ ఆగకుండా, స్పానిషులో చెప్పడం మొదలుపెట్టాడు. అవ్వ ఆనాడు మంచం మీద గాలిలో వేళ్ళతో కట్టి చూపించిన సంగతే అది.

ఎండాకాలంలో అడవిలో తునికాకు కోస్తారు, బీడీలకు. తెచ్చిన ఆకు ఇంటి ముందు కూర్చుని కట్టలు కడతారు. కట్టకు యాభై ఆకులు. చూపు పోయాక అవ్వ వేళ్ళతో తడిమి లెక్కబెట్టేది. అలా ఒకసారి ఆమె కట్టలో ఆకులు తక్కువొచ్చాయి. ఆకు కొనే కల్లందారు దాన్ని అందరి ముందూ విప్పి చూపించి, పక్కకు విసిరేశాడు. పుట్టినప్పటి నుంచి ఆనాటిదాకా ఆమె కట్టలో ఒక్క ఆకు తగ్గలేదు. ఇంటికొచ్చి, మర్నాటి కట్టలు కడుతూ, ఇరవై ఏడో ఆకు దగ్గరో ఇరవై ఎనిమిదో ఆకు దగ్గరో లెక్క తప్పి, మళ్ళీ మొదటికొచ్చి, అప్పుడు అనుకుంది. ఆకు కాలం అయిపోయేదాకా ఆగి, బస్సెక్కింది.

‘లో దెసిదియో అతాందో ఓహాస్.’ ఆకులు కట్టలు కడుతూ నిర్ణయించుకుంది. సొరుగులో పెట్టే ముందు నేను చదివిన వాక్యం అదే. దాన్ని ఎందుకు కార్బన్ కాగితాల కింద పెట్టానో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. నా గోదావరి మొత్తం ఆ ఒక్క ఆకుల కట్టలో మునిగిపోయింది.

మాస్టారు భార్య అవ్వ వేళ్ళు పట్టుకుని చూస్తూ ఉండిపోయింది. తరవాత మాస్టారు అడిగాడు, మరి ఈత ఉత్తరం ఎవరు రాశారని.

కాంపౌండరు నా వైపు చూడకుండానే అన్నాడు. “ఇద్దరం గలిసి రాసినం.”

చూశారా? నా సొంత అబద్ధం. దాన్లో ఒక్క ముక్క కూడా ఆయనది కాదు. చివరికి దాన్లో కూడా సగం వాటా కొట్టేశాడు. నిందలో సగం మోస్తున్నాడని ఇంకెవరికైనా కృతజ్ఞత పుట్టేదేమో. నాకు మాత్రం, ఎలుగుబంటి పూర్తిగా నాదే అని అరవాలనిపించింది.

పతకం తెచ్చింది తెచ్చాడు కనుక మాస్టారు దాన్ని అవ్వ మెడలోనే వేశాడు. ఆర్నెల్ల తరవాత కళ్ళజోడు మార్చుకోవడానికి వచ్చినప్పుడు చెప్పింది, దాన్ని మేక మెడకు కట్టిందట. “మెరుస్తది, అడవిల యాడున్నా కనబడతది” అంది.

తిరిగొచ్చిన సాయంత్రం డాక్టరమ్మ మమ్మల్నిద్దర్నీ కట్లు కట్టే గదిలోకి పిలిచింది. తిడుతుందని చూశాను. తిట్టలేదు. నేను సొరుగులోంచి ఆ కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాను. దాని మీద కార్బన్ నీలిరంగు అంటుకుని ఉంది. ఆమె అది చదివి, సుద్దముక్క నా చేతికిచ్చింది.

“ఇది దాచాలని ఏం చేస్తూ అనుకున్నవ్? మా భాషల చెప్పు.”

రెండేళ్ళుగా గోడలకు అంటించిన క్రియలన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఏడుస్తూ, ఈదుతూ, పరుగెత్తుతూ, పోరాడుతూ. ఏదీ అతకలేదు. నల్లబల్ల మీద రాశాను. ‘లో దెసిదీ మిరాందొలొ.’ ఆయన్ని చూస్తూ నిర్ణయించుకున్నాను.

డాక్టరమ్మ తల ఊపింది. “రెండేండ్లల నువ్వు రాసిన మొదటి నిజం ఇది. బగ్గ బాగుంది.” ఉత్తరాల పని కాంపౌండరుకు ఇచ్చింది. చిలకపచ్చ మిషనూ ఆయనకే. ఆ నెలాఖరుకు ఆమె వెళ్ళిపోయింది. జీపు కదులుతుంటే నా వైపు చూసి, “ఏంది సారూ, మంచిగుండు” అంది. ఆయన వైపు చూసి ఏమీ అనలేదు, చెయ్యి ఊపిందంతే. నాకొక మాట ఎక్కువ దక్కిందని రోడ్డు మలుపు తిరిగేదాకా లెక్కేసుకున్నాను.

మర్నాడు పొద్దున నేను ఆఫీసు గదిలోకి వెళ్ళేసరికి, టోపీ పెట్టుకున్న ‘ఎన్’తో సహా మిషను నా బల్ల మీద ఉంది. కాంపౌండరు కిటికీ పక్క బల్ల దగ్గర కాదు, నా ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

“నా రెండు వేళ్ళతోటి ఇది కొడితే ఒక్క ఉత్తరానికి ఏడాది పడ్తది సారూ. నేను జెప్త, నువ్వు గొట్టు.”

“నేనెందుకు కొడతా?”

“నీకు గుండు సూది గుచ్చినట్టు లేదూ, ఆ టోపీ అక్షరం ముట్టక?”

ఎలా తెలిసిందో. కాగితం ఎక్కించాను. ఆయన చెబుతున్నాడు. పొయ్యి ఊదుతూ కొడుకును కూడా సరిగ్గా పోల్చుకోలేక, రావాలని నిర్ణయించుకున్న ఒక తల్లి గురించి. మధ్యలో నా వేళ్ళు వాటంతటవే ఒక చిరుతపులిని తెచ్చాయి. ఆయన కాగితం వైపు వంగి చూశాడు.

“పులిని తీసెయ్ సారూ.”

తీసేశాను. అలా కొడుతూ కొడుతూ, ఆ తల్లి పొగలో కళ్ళు నులుముకునే చోటికి వచ్చేసరికి, ఈయన మీద ఇక కుళ్ళుకోకూడదని నిర్ణయించుకున్నాను. డాక్టరమ్మ అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. టైపు కొడుతూ, అని.

ఆ నిర్ణయం పదకొండు గంటల టీ దాకా నిలిచింది. టీతోపాటు వంటావిడ గారెలు తెచ్చింది. పెద్దది ఆయన పళ్ళెంలో పడింది.